ఎవరు ఊఁ కొట్టడం లేదో ముందు కనుక్కో

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరం చదివాను. నీ కన్వర్టిబుల్ (రూఫ్ మడిచి దాచుకునే) కారు రూఫ్ సగం లేచి ఆగిపోయిందని, బటన్ ఎంతసేపు నొక్కి పట్టుకున్నా కదలడం లేదని, మెకానిక్ వచ్చి పైపైన చూసి "పంపు పోయింది, సెట్టు మొత్తం మార్చాల్సిందే" అన్నాడని రాశావు. నువ్వెంత టెన్షన్ పడుతున్నావో ఆ రాతలోనే తెలుస్తోంది. మిగతాదంతా తర్వాత, ముందు ఈ ఒక్క మాట విను. ఆయిల్ తోసి రూఫ్‌ని కదిపే ఆ పంపుకి ఇప్పుడే ఆర్డర్ పెట్టకు. అది పోయిందో లేదో తేల్చుకోకుండా మార్చడం నాకు సుతరామూ ఇష్టం లేదు. పైగా నువ్వు రాసిన లక్షణాలు చూస్తే నా అనుమానం పంపు మీదకి పోవడం లేదు.

ఆ రూఫ్ ఏదో ఒక మోటారు లాగితే లేచేది కాదురా. నువ్వు బటన్ నొక్కగానే లోపలున్న చిన్న కంప్యూటర్ ఒక వరస మొదలుపెడుతుంది. ముందు కిటికీ అద్దాలు కాస్త దిగాలి. తర్వాత విండ్‌షీల్డ్ అంచున ఉన్న లాక్ ఊడాలి. వెనక, రూఫ్ దాక్కునే గూటి మూత తెరుచుకోవాలి. అప్పుడు రూఫ్ మడత పడుతూ తన గూట్లోకి దిగాలి. ఆఖర్న ఆ మూత మళ్ళీ మూసుకోవాలి. ఒక్కో మోడల్లో ఇది కొంచెం అటూ ఇటూ మారుతుంది గానీ పద్ధతి ఒకటే. ఒక పని పూర్తయిందని అక్కడి సెన్సార్ చెబితేనే కంప్యూటర్ తర్వాతి పనికి దిగుతుంది. కథ చెప్పేవాళ్ళకి ఎదుటివాళ్ళు ఊఁ కొట్టాలి కదా, కొట్టకపోతే కథ అక్కడే ఆగిపోతుంది. ఇదీ అంతే. మూత నిజంగానే పూర్తిగా తెరుచుకున్నా, ఆ సంగతి చెప్పాల్సిన సెన్సార్ నోరు మెదపకపోతే రూఫ్ గాల్లో అలాగే నిలబడిపోతుంది. అంచేత ఎక్కడ ఆగిందో చూసి, అక్కడ ఊఁ కొట్టాల్సింది ఎవరో కనుక్కోవాలి.

ఈ ఏర్పాటు నిన్నా మొన్నా వచ్చింది కాదు. 1957 నుంచి 1959 దాకా ఫోర్డ్ వాళ్ళు ఫెయిర్‌లేన్ 500 స్కైలైనర్ అని ఒక కారు చేశారు. గట్టి రేకు రూఫ్‌ని మొత్తంగా లేపి డిక్కీలోకి దింపేసేది. అందులో కంప్యూటరూ లేదు, హైడ్రాలిక్సూ (ఆయిల్ ఒత్తిడితో కదిపే ఏర్పాటు) లేవు. కదిపే మోటార్లు 3, లాకులకి 4, రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు) 10, లిమిట్ స్విచ్‌లు (ఒక భాగం చివరిదాకా కదలగానే నొక్కుకునేవి) 10, వీటన్నిటినీ కలుపుతూ 185 మీటర్ల పైచిలుకు వైరు! ఒక లిమిట్ స్విచ్ నొక్కుకుంటే తర్వాతి మోటారు అందుకునేది. ఆ కాలంలో అంత పని వైర్లతో చేయించినవాళ్ళంటే నాకు చెప్పలేనంత గౌరవం. ఇప్పుడు ఆ రిలేల బదులు చిప్పు వచ్చింది, అంతే. ఒకరి మాట మీద ఇంకొకరు కదలడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

సరే, నీ కారు దగ్గరికి వద్దాం. పరీక్షలు మొదలెట్టే ముందు ఒక జాగ్రత్త. సగంలో ఆగిన రూఫ్ మడతల మధ్య, మూత కింద చేతులు గానీ తల గానీ పెట్టకు. లోపల ప్రెషర్ పట్టి ఉన్నంతసేపే అది అలా నిలబడుతుంది. చాలా కార్లలో కొంతసేపటికి ఆ ప్రెషర్ దానంతటదే వదిలేస్తుంది, అప్పుడు రూఫ్ బరువంతా కిందికి దిగుతుంది. లోపల చూడాల్సి వస్తే మూతకి గట్టి చెక్క ఊతం పెట్టి, తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాకే వంగు. సగం లేచిన రూఫ్‌తో రోడ్డెక్కాలని మాత్రం అనుకోకు. గాలి దాని కిందికి దూరితే ఫ్రేమే వంగిపోతుంది.

ఇప్పుడు తేలికైనవి. డిక్కీలో రూఫ్ దిగే చోటుకీ సామానుకీ మధ్య ఒక అడ్డుతెర ఉంటుంది చూశావా, అది తన గాడిలో సరిగ్గా కూర్చోవాలి. దానికీ ఒక చిన్న స్విచ్ ఉంటుంది. సామాను కుక్కినప్పుడు ఆ తెర వెంట్రుకవాసి పక్కకి జరిగినా కంప్యూటర్ ఒప్పుకోదు. డిక్కీ గట్టిగా పడిందా, గేరు పార్క్‌లో ఉందా, బ్రేక్ నొక్కావా అన్నవి నీ కారు మాన్యువల్ ప్రకారం చూసుకో. కొన్ని కార్లు నిలబడితేనే రూఫ్ తీస్తాయి, కొన్ని గంటకి 50 కిలోమీటర్ల వేగం దాకా ఒప్పుకుంటాయి. మరీ చలిగా ఉంటే కొన్ని మొండికేస్తాయి, అది వాటి మంచికే. వరసగా చాలాసార్లు తీసి మూసి ఉంటే పంపు వేడెక్కి కాసేపు సెలవు తీసుకుంటుంది, చల్లారనివ్వాలి. నీ రూఫ్ కదలడం మొదలుపెట్టాక ఆగింది కాబట్టి వీటిలో చాలావాటికి ఊఁ పడే ఉంటుంది. అయినా తెర మధ్యలో పట్టు వదలొచ్చు, అందుకే చూడమంటున్నాను.

బ్యాటరీని మాత్రం తేలిగ్గా తీసుకోకు. రూఫ్ పంపు కారులో కరెంటు బాగా తాగేవాటిలో ఒకటి. ఇంజన్ స్టార్ట్ అవుతోంది కదా, బ్యాటరీ బాగానే ఉందనుకుంటారు అందరూ. అది సరిపోదు. వోల్టేజి కొలిచే మల్టీమీటర్ పెట్టి చూడు. బండి ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే మిగిలినట్టు. అసలు పరీక్ష దాని తర్వాతది. ఎవరినైనా బటన్ నొక్కి పట్టుకోమని, పంపు తిరుగుతుండగా రీడింగ్ చూడు. అప్పుడు అది 10 దరిదాపులకి పడిపోతుంటే, కంప్యూటర్ భయపడి మధ్యలో ఆపేస్తుంది. పాపం పంపుది తప్పేమీ ఉండదు. బ్యాటరీ ముసలిదై ఉండొచ్చు, టెర్మినల్ వదులై ఉండొచ్చు. ఇకనుంచి రూఫ్ ఎప్పుడు కదిపినా ఇంజన్ నడుస్తుండగానే కదుపు.

బ్యాటరీ బాగుంటే, ఇక చెవులతో పని. ఈ భాగం నెమ్మదిగా చదువు, ఎందుకంటే సగం రోగం ఇక్కడే తేలిపోతుంది. చుట్టూ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు బటన్ నొక్కి విను. ఏ చప్పుడూ లేదంటే కరెంటు పంపు దాకా రావడం లేదన్నమాట: ఫ్యూజు, బటన్, లేదా ఏదో సెన్సార్ ఒప్పుకోకపోవడం. రిలే టక్‌మంటుంది గానీ మోటారు తిరగదంటే, రిలే లోపలి పాయింట్లు కాలి ఉండొచ్చు, పంపు ఎర్త్ వైరు తుప్పు పట్టి ఉండొచ్చు, లేదా మోటారే పోయి ఉండొచ్చు. పంపు దగ్గరి కనెక్టర్‌లో వోల్టేజి చూస్తే తేలిపోతుంది. అక్కడికి 12 వోల్టులు వస్తూ, ఎర్త్ బాగుండి, మోటారు తిరగకపోతే అప్పుడు పంపు పోయిందని నేనే ఒప్పుకుంటాను. మోటారు హాయిగా తిరుగుతున్నా రూఫ్ కదలకపోతే ఆయిల్ తగ్గి ఉంటుంది, లేదా ప్రెషర్ వదిలించి చేత్తో మూయడానికి పెట్టిన బైపాస్ స్క్రూ ఎవరో వదులు చేసి మర్చిపోయి ఉంటారు. రూఫ్ ఒకవైపే లేచి రెండోవైపు వెనకబడితే ఆయిల్ ఒత్తిడితో రూఫ్‌ని తోసే సిలిండర్ సంగతి చూడాలి. (పోర్షే తొలి బాక్స్‌స్టర్ లాంటి వాటిలో హైడ్రాలిక్సే ఉండవు, ఒకే మోటారు నుంచి రెండువైపులకీ కేబుళ్ళు తిరుగుతాయి. ఒక కేబుల్ జారితే రూఫ్ మెలి తిరిగిపోతుంది. అలా కనిపిస్తే వెంటనే బటన్ వదిలేయాలి.) ఇక నీదానిలా బాగా నడుస్తూ నడుస్తూ ఎప్పుడూ ఒకే చోట ఠక్కున ఆగిపోతే, అది సెన్సార్‌దో వైరుదో పని.

ఆయిల్ గురించి రెండు ముక్కలు. పంపు సాధారణంగా డిక్కీలో పక్కన, కార్పెట్ వెనకాల, చప్పుడు రాకుండా స్పాంజిలో చుట్టి ఉంటుంది. దాని ట్యాంకు మీద గీతలుంటాయి. అయితే రూఫ్ ఏ స్థితిలో ఉండగా చూడాలో మాన్యువల్ చెబుతుంది, ఎందుకంటే సిలిండర్లు చాచుకున్నప్పుడూ ముడుచుకున్నప్పుడూ లెవెల్ మారుతుంది. తక్కువుంటే ఎక్కడో కారుతోందనే అర్థం, ఊరికే తగ్గదు. సిలిండర్ రాడ్ చుట్టూ తడి, దుమ్ము పట్టిన జిడ్డు కనిపిస్తాయి. కొన్ని మోడళ్ళలో ముందు లాక్ సిలిండర్ కారి లోపలి అద్దం దగ్గర చుక్కలు పడతాయి. చాలావాటికి సీళ్ళు మార్చి సిలిండర్‌ని బాగుచేసేవాళ్ళున్నారు, కొత్తది కొనక్కర్లేదు. ఆయిల్ మాత్రం మాన్యువల్లో రాసిన రకమే పోయి. చేతికందింది కదా అని బ్రేక్ ఆయిల్ పోస్తే, దానికి తగని సీళ్ళు ఉబ్బి పాడైపోతాయి.

ఇప్పుడు నా అసలు అనుమానం చెప్తాను. నా కారుకీ అచ్చం ఇలాగే అయింది. వెనక మూత సగానికి పైగా లేచేది, అక్కడ ఆగేది. అప్పుడూ ఒక వర్క్‌షాపువాళ్ళు పంపే అన్నారు. కానీ పంపు చప్పుడు చివరిదాకా ఒకే శ్రుతిలో, ఏమాత్రం బరువు పడకుండా ఉంది. అందుకే మూత కీలు దగ్గరికి వెళ్ళాను. వైర్లన్నీ అక్కడ ఒక ముడతల రబ్బరు గొట్టంలోంచి వెళ్తాయి. ఆ గొట్టాన్ని వెనక్కి లాగితే లోపల ఒక సన్నని వైరు, తొడుగు చెక్కుచెదరకుండా ఉన్నట్టే కనిపించింది. వేళ్ళతో కొంచెం లాగితే మాత్రం తొడుగు ఒకచోట సాగింది. లోపల రాగి తీగలు పూర్తిగా తెగి ఉన్నాయి. మూత కింద ఉన్నప్పుడు ఆ రెండు కొనలూ తగులుతున్నాయి, పైకి లేచాక విడిపోతున్నాయి! మల్టీమీటర్‌ని బీప్ (వైరు తెగకుండా ఉంటే కూత పెట్టే పరీక్ష) మీద పెట్టి, రెండు చివర్లా పట్టుకుని మూతని మెల్లగా లేపితే బీప్ సరిగ్గా రూఫ్ ఆగే కోణంలోనే ఆగింది. ఎన్నో వేలసార్లు వంగిన వైరు అది, పాపం ఎంతకని ఓర్చుకుంటుంది? మెత్తగా వంగే వైరు వేసి, అతుకు మాత్రం వంపుకి దూరంగా పెట్టి సోల్డర్ చేయించాను. నీ కారులోనూ ఆ గొట్టం లాగి చూడు, ఒక్కో వైరునీ వేళ్ళతో తడుము.

అక్కడ బాగుంటే మైక్రో స్విచ్‌లు చూడు. అగ్గిపెట్టె కంటే చిన్న నల్ల డబ్బీ, దాని మీద పల్చటి రేకు లివర్. లాక్ దగ్గర ఒకటి, మూత దగ్గర ఒకటి, అలా ఉంటాయి. లివర్‌ని వేలితో నొక్కితే స్పష్టంగా టిక్‌మనాలి. అది మెత్తగా దిగిపోతే స్విచ్ అరిగిపోయినట్టు. టిక్‌మన్నా నమ్మేయకు, కనెక్టర్ ఊడదీసి మీటర్ పెట్టి నొక్కుతూ వదులుతూ చూడు. పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి శుభ్రం చేయి. ఒక్కోసారి స్విచ్ బంగారంలా ఉంటుంది, దాన్ని నొక్కాల్సిన రేకే కొద్దిగా వంగి అందకుండా పోతుంది. అయస్కాంతంతో పనిచేసే సెన్సార్లయితే ఈ టిక్కు ఉండదు, వాటిని స్కానర్‌తోనే చూడాలి.

స్కానర్ అంటే కారు కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే మామూలు ఓబీడీ రీడర్ కాదు. అది ఎక్కువగా ఇంజన్ కోడ్‌లే చదువుతుంది. రూఫ్ మాడ్యూల్‌తో, అంటే రూఫ్‌ని నడిపే ఆ చిన్న కంప్యూటర్‌తో, మాట్లాడగలిగే, నీ కంపెనీకి సరిపోయే టూల్ కావాలి. అది ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్తే కోడ్ ఒక్కటే చదివించుకుని రాకు, లైవ్ డేటా పెట్టమను. ఒక్కో సెన్సార్ పక్కన తెరుచుకుంది, మూసుకుంది అని కనిపిస్తుంటుంది. మూత కళ్ళెదుట నిక్కచ్చిగా తెరుచుకుని ఉండి, స్కానర్ తెర మీద మాత్రం తెరుచుకోలేదని చూపిస్తోందనుకో, దొంగ దొరికినట్టే. పంపు మార్చమన్నవాళ్ళకి ఆ తెర చూపించు.

డిక్కీ తెరిచావు కాబట్టి ఇంకొకటి. రూఫ్ గూట్లో నీళ్ళు పోయే రంధ్రాలు ఆకులతో మూసుకుపోతే, ఆ నీళ్ళు పంపు మీదకో మాడ్యూల్ మీదకో చేరతాయి. మెత్తటి నైలాన్ తీగ దూర్చి శుభ్రం చేయి, గాలి ప్రెషర్ కొడితే లోపల గొట్టాలు ఊడిపోవచ్చు. కార్పెట్ కింద చెయ్యి పెట్టి తడి ఉందేమో చూడు.

ఈలోగా వాన వచ్చేలా ఉంటే చేత్తో మూసేయ్. మాన్యువల్లో ఎమర్జెన్సీ పద్ధతి అని ఉంటుంది. చాలావాటిలో పంపు మీది బైపాస్ స్క్రూని అలెన్ కీతో మాన్యువల్ చెప్పినంత వరకే తిప్పాలి. అప్పుడు ప్రెషర్ వదులుతుంది. ఆ తర్వాత ఇద్దరు చెరోవైపు నిలబడి, ఒకే వేగంతో, తొందర లేకుండా లేపాలి. ఒక్కడివే ఒక పక్కనుంచి లాగావంటే ఫ్రేమ్ మెలి తిరుగుతుంది, అది పంపు ఖర్చుని మించిపోతుంది. ముందు లాక్‌ని కూడా చేత్తో బిగించి, పని అయ్యాక ఆ బైపాస్ స్క్రూ మళ్ళీ బిగించడం మర్చిపోకు.

వీలైతే రేపే ఎవరినైనా తోడు పెట్టుకుని బటన్ నొక్కించి ఒక వీడియో తీసి పంపు. బొమ్మ ఎలా ఉన్నా చప్పుడు బాగా వినిపించాలి, ఫోన్ డిక్కీ దగ్గర పెట్టు. పంపు తిరిగేటప్పుడు వోల్టేజి ఎంతుందో, రూఫ్ సరిగ్గా ఎక్కడ ఆగిందో, కీలు దగ్గరి వైర్లు ఎలా ఉన్నాయో రాయి. ఆ మెకానిక్‌కి మాత్రం ఇంకా సరే అనకు, నా జవాబు వచ్చేదాకా ఆగమను.

నీ
శీను