ఆ రోజు డాలరు మూడు రూపాయల ఐదణాలు

సంపాదకులకు,

మొన్న ఆదివారం మీ పిల్లల పేజీలో క్విజ్ చూశాను. ‘1947 ఆగస్టు 15న ఒక డాలరుకి ఎన్ని రూపాయలు?’ అన్నది నాలుగో ప్రశ్న. కింద తలకిందులుగా అచ్చేసిన జవాబు: ‘ఒక రూపాయి’. తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలు పేపరు తిప్పి చదివి, “తాతయ్యా, నువ్వు చెప్పింది తప్పట” అంది. వాట్సాప్‌లో ఇదే లెక్క ప్రతి ఆగస్టులోనూ వస్తుంది, చెరిపేసి ఊరుకుంటాను. అచ్చులో వచ్చేసరికి మాత్రం ఊరుకోలేకపోయాను.

నేను విశాఖ పోర్టు దగ్గర్లో ఒక బ్యాంకు శాఖలో, విదేశీ మారకం కౌంటర్లో చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ణి. లెక్క చెబుతాను. 1927 నుంచి మన రూపాయి విలువ బ్రిటిష్ డబ్బులో ఒక షిల్లింగు ఆరు పెన్నీలు. పౌండుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు కాబట్టి పౌండు 13 రూపాయల 33 పైసలు (అప్పటికి ఈ పైసలు లేవనుకోండి). 1947లో పౌండుకి 4 డాలర్ల 3 సెంట్లు. భాగిస్తే డాలరు 3 రూపాయల 31 పైసలు, అంటే దాదాపు మూడు రూపాయల ఐదణాలు (రూపాయికి పదహారణాలు). 1946 డిసెంబరులో ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) దగ్గర నమోదైన మన రూపాయి విలువ కూడా 30 సెంట్ల చిల్లరే.

విదేశీ అప్పు లేదు కాబట్టి రెండూ సమానం అని ఆ వాట్సాప్ మెసేజ్‌లో కారణం కూడా చెబుతారు. ఆ మాటకొస్తే అప్పట్లో బ్రిటనే మనకి బాకీ. యుద్ధకాలంలో తీసుకున్న సరుకు తాలూకు పౌండ్లు లండన్‌లో మన పేరున పేరుకుపోయి ఉన్నాయి. అయినా పౌండు కొనాలంటే మనం 13 రూపాయల పైనే పెట్టాలి కదా!

1949 సెప్టెంబరులో బ్రిటన్ పౌండు విలువ తగ్గిస్తే మనమూ దాని వెంటే తగ్గించాం. డాలరు 4.76 అయింది, పౌండు మాత్రం ఉన్నచోటే ఉంది. 1966 జూన్ 6న డాలరు 4.76 నుంచి 7.50కి వెళ్లింది. దీని గురించి రాసేటప్పుడు మీరు ఒకసారి 36.5 శాతం అంటారు, ఇంకోసారి 57.5 శాతం అంటారు. రెండూ తప్పు కాదు. రూపాయి విలువ తగ్గింది 36.5 శాతం, డాలరు ధర పెరిగింది 57.5 శాతం. ఏది దేనికో ఒక్క ముక్క రాస్తే చదివేవాళ్లకి ఈ తికమక ఉండదు.

1991 జులై సంగతి మాత్రం కౌంటర్లోంచి చూశాను. సోమవారం 1వ తేదీన ఒకసారి రూపాయి విలువ తగ్గించారు. మంగళవారం భీమిలి వైపు సీమన్ ఒకాయన ఓడ దిగి వచ్చి 600 డాలర్లు మార్చుకున్నాడు. రేటు పెరిగిందని సంబరపడి మా అందరికీ టీ చెప్పించాడు. బుధవారం రెండోసారి తగ్గించారు. రెండూ కలిసి, 21 చిల్లర ఉన్న డాలరు 26 దగ్గరికి చేరింది. ఆ సీమన్ గురువారం మళ్లీ వచ్చి బోర్డు కేసి చూస్తూ నిలబడ్డాడు. తను మార్చుకున్న రేటుకీ దీనికీ డాలరుకి మూడు రూపాయల దాకా తేడా. “బాబుగారూ, నిన్నగాక మొన్నే కదండీ ఇచ్చాను, రశీదు కూడా ఉంది” అన్నాడు. ఏం చెప్పను? రేటు టెలెక్స్‌లో వచ్చాకే మాకూ తెలిసేది. ఆ రెండో తగ్గింపు ఆపించాలని ప్రధాని పీవీ చూశారనీ, కబురు వెళ్లేసరికే రిజర్వు బ్యాంకులో అప్పటి డిప్యూటీ గవర్నరు రంగరాజన్ గారు ఆ పని కానిచ్చేశారనీ చాలా ఏళ్ల తర్వాత చదివాను. కాస్త ముందు కబురు వెళ్లి ఉంటే ఆ సీమన్ 1,700 రూపాయల బాధ తప్పేదేమో.

రూపాయి పడిన మాట నిజమే, 2022లో డాలరు 80 దాటడం మీరే మొదటి పేజీలో వేశారు. అయితే ఒకటి నుంచి పడిందనడం వేరు, మూడు రూపాయల ఐదణాల నుంచి పడిందనడం వేరు.

సవరణ దయచేసి అదే పిల్లల పేజీలో వేయండి. మా మనవరాలు కత్తిరించి బడికి పట్టుకెళ్తానంటోంది. ఈసారి తలకిందులుగా మాత్రం అచ్చేయకండి.

– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం