మీటప్‌లో మాట్లాడేది ముగ్గురేనా?

సంపాదకులకు,

ఏఐ వచ్చాక ప్రోగ్రామర్లకు యూజర్ గ్రూపులతో (అంటే ఒకే కంప్యూటర్‌నో సాఫ్ట్‌వేర్‌నో వాడేవాళ్ల సంఘాలతో), నెలనెలా జరిగే మీటప్‌లతో ఇక పనేముందని అడుగుతూ మీ పత్రికలో ఈమధ్య వచ్చిన వ్యాసం చదివాను. సందేహం వస్తే చాట్‌బాట్‌ని అడిగితే పోయేదానికి ఒక సాయంత్రమంతా ఎందుకు పాడుచేసుకోవాలి అన్నది అందులో ప్రశ్న. సబబైన ప్రశ్నే. కానీ మీటప్‌లు చప్పబడింది ఏఐ వల్ల కాదండీ, అది రాకముందే చప్పబడ్డాయి, అదీ మనం నడిపే తీరు వల్ల.

ఇప్పుడు చాలా చోట్ల ఒకటే వరస. స్పాన్సర్ కంపెనీ గొప్పలు కాసేపు, ఉద్యోగాలున్నాయని ఒక స్లైడు, తర్వాత ముగ్గురు స్పీకర్లు, టైం మించిపోయింది కాబట్టి ప్రశ్నలు ఒకటో రెండో, చివర్లో గ్రూప్ ఫొటో. వచ్చినవాళ్లు ఏం పని చేస్తున్నారో, ఎక్కడ ఇరుక్కుపోయారో పక్క కుర్చీలో ఉన్నవాళ్లకి కూడా తెలియదు. స్లైడ్లు చూడటమే పనైతే ఇంట్లో కూర్చుని యూట్యూబ్‌లో ఒకటిన్నర స్పీడులో చూసేయొచ్చు (చాలామంది చేస్తున్నది అదే, వాళ్లని తప్పుపట్టలేం).

అసలు ఈ గ్రూపులు మొదలైంది ఇందుకు కాదు. 1955లో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఐబీఎం 704 కంప్యూటర్ వాడబోతున్న సంస్థలు కలిసి ‘షేర్’ అనే యూజర్ గ్రూపు పెట్టుకున్నాయి. అంతకుముందు వచ్చిన 701 కంప్యూటర్ మీద ఎవరికి వాళ్లు అవే ప్రోగ్రాములు రాసుకుని బోలెడు శ్రమ వృథా చేసుకున్నారు మరి. విమానాల తయారీలో ఒకదానితో ఒకటి పోటీపడే కంపెనీలు కూడా అందులో కోడ్ పంచుకున్నాయి. ఇరవై ఏళ్ల తర్వాత, 1975 మార్చి 5న, కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో ఒకాయన గ్యారేజీలో హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ మొదలైంది. యాపిల్ స్థాపకుల్లో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్ తన యాపిల్-1 సర్క్యూట్ డిజైన్‌ని అక్కడ ఉచితంగా పంచిపెట్టిన సంగతి చాలామందికి తెలుసు. నాకు మాత్రం అంతకన్నా వాళ్లు మీటింగ్ నడిపిన పద్ధతి నచ్చుతుంది. లీ ఫెల్సెన్‌స్టైన్ అనే ఇంజనీరు ఆ మీటింగులు నిర్వహించే రోజుల్లో ‘మ్యాపింగ్’ అని ఒక భాగం ఉండేది: ఒక్కొక్కరుగా లేచి నిలబడి తన దగ్గర ఏముందో, తనకేం కావాలో చెప్పడం. తర్వాత ‘ర్యాండమ్ యాక్సెస్’, అంటే ఎవరితో పనుంటే వాళ్ల దగ్గరికి వెళ్లి మాట్లాడుకోవడం. ఇప్పటి మీటప్‌లలో లేనిది ఆ మొదటి భాగమే.

దాని విలువ ఏంటో ఒక ఉదాహరణ చెబుతాను. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో వాడకంలో ఉన్న పెద్ద టేబుల్ మీద మామూలుగా ‘క్రియేట్ ఇండెక్స్’ (వెతకడం తొందరగా అవ్వడానికి సూచిక తయారుచేసే కమాండ్) కొడితే అది పూర్తయ్యేదాకా ఆ టేబుల్‌లోకి ఏమీ రాయలేం, ఇన్సర్ట్‌లూ అప్‌డేట్‌లూ అన్నీ క్యూలో ఆగిపోతాయి. ‘కంకరెంట్లీ’ అని జోడిస్తే ఆగవు. ఇది డాక్యుమెంటేషన్‌లో ఉంది, చాట్‌బాట్‌ని అడిగినా చెబుతుంది. కానీ ఇండెక్స్ వేయడంలో ప్రమాదం ఉందన్న సంగతే తెలియనివాళ్లు ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారు? తన వంతు వచ్చినప్పుడు “ఈ వారం ఒక పెద్ద టేబుల్‌కి ఇండెక్స్ వేయాలి” అని మాటవరసకి అంటే చాలు, అప్పటికే చేతులు కాల్చుకున్నవాళ్లు వెనక వరసలోంచి “ఆగాగు” అంటారు. ‘కంకరెంట్లీ’తో వేస్తే ఎక్కువ టైం పడుతుందనీ, మధ్యలో ఫెయిలైతే పనికిరాని ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుందనీ, దాన్ని తీసేసి మళ్లీ వేయాలనీ కూడా వాళ్లే చెబుతారు.

ముప్పై మంది వస్తే మనిషికి ఒక నిమిషం, అరగంటలో అయిపోతుంది. వంద మంది వస్తే సబ్జెక్టుల వారీగా చిన్న గుంపులు చేసుకోవాలి. నలుగురిలో నోరు విప్పడానికి మొహమాటపడేవాళ్లు చీటీ రాసిస్తే ఇంకొకరు చదవొచ్చు. ఇంగ్లీషులోనే మాట్లాడాలన్న టెన్షన్ కూడా అక్కర్లేదు.

కంపెనీ రహస్యాలు బయటపడతాయని భయపడేవాళ్లకి ఎప్పటి నుంచో ‘చాతమ్ హౌస్ రూల్’ అని ఒకటుంది: విన్నది వాడుకోవచ్చు, ఎవరు చెప్పారో, ఏ సంస్థ వాళ్లో బయట చెప్పకూడదు. దానికి తోడు ఆ అరగంట కెమెరా కట్టేస్తే సరి. కెమెరా తిరుగుతుంటే సర్వర్ పడిపోయిన రాత్రి గురించి ఎవరు నిజం చెబుతారు?

ఇక నిర్వాహకుల సంగతి. హాలు, మైకు, పోస్టరు అన్నీ ఒకరిద్దరి నెత్తినే పడితే వాళ్లు అలసిపోయిన రోజున గ్రూపు ఆగిపోతుంది. సభ్యులు ఎక్కువుంటే గట్టిగా నిలబడుతుందనీ లేదు, వేలమంది ఉన్న బోస్టన్ కంప్యూటర్ సొసైటీ అనే యూజర్ గ్రూపు కూడా 1996లో మూతపడింది. స్పీకర్లని వెతకడం తగ్గితే సగం బరువు దానంతటదే దిగుతుంది కాబట్టి, అందరూ మాట్లాడే పద్ధతి నిర్వాహకులకి కూడా సుఖమే.

మీ పత్రికలో టెక్ మీటప్‌ల ప్రకటనలు వేస్తున్నప్పుడు స్పీకర్ల పేర్లు, హోదాలతో పాటు వచ్చినవాళ్లు మాట్లాడటానికి ఎంత టైం ఇస్తున్నారో కూడా నిర్వాహకుల్ని అడిగి వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక ప్రోగ్రామర్