స్లైడ్లు చాలు, తరగతికి రండి

సంపాదకులకు నమస్కారం.

టీచర్లకు ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. గంటలదేముంది, కూర్చుంటే అవే గడుస్తాయి! మొన్నటి శిక్షణలో మూడు రోజులూ స్లైడ్లే. భోజనాలయ్యాక అందరి చూపూ గడియారం మీదే.

నాకు అక్కరకొచ్చింది చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో తోటి టీచరమ్మ చెప్పిన పాఠం. చెనక్కాయలు పోసి భిన్నాలు నేర్పింది. మా బడిలో నేనూ అదే చేస్తే, పన్నెండులో మూడో వంతు దగ్గర పిల్లలు తడబడ్డారు (కాయలూ సగం తినేశారు). ఆమె ఓరోజు వచ్చి వెనక కూర్చుని చూసింది. సమానంగా కుప్పలు పెట్టించకుండానే బోర్డు మీద అంకెలకు పోతున్నానట! ఇలా తరగతికొచ్చి చూసి, నెలకు మళ్లీ వచ్చేవాళ్లు కావాలి మాకు.

– ఒక ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్, ప్రాథమిక తరగతులు) ఉపాధ్యాయురాలు, పలమనేరు, చిత్తూరు జిల్లా