సున్నుండల డబ్బాతో పాటు

సింగ్‌నగర్, విజయవాడ
గురువారం రాత్రి

చి॥ వాసుకి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ క్షేమమే అనుకుంటున్నాను. అనుకోవడమే మరి, నీ గొంతు విని పంతొమ్మిది రోజులైంది. మెసేజీ పెడితే నీలం టిక్కులు పడుతున్నాయి కాబట్టి ఫోను నీ చేతిలోనే ఉందని మీ నాన్న ధైర్యం. నాకా టిక్కులతో కడుపు నిండదు. అందుకే కాగితం తీశాను.

పక్కింటి మామయ్యగారు రేపు రాత్రి బస్సుకి బెంగళూరు వస్తున్నారు. వాళ్ళ పాపకి నెలలు నిండాయి. సున్నుండల డబ్బా, గోంగూర పచ్చడి సీసా, ఈ ఉత్తరం ఆయనకిచ్చి పంపిస్తున్నాను. సీసా మూతకి రెండు కవర్లు చుట్టాను, అయినా పడుకోబెట్టకు, నిలువుగా ఉంచు. సున్నుండల్లో ఈసారి బెల్లమే వేశాను. నెయ్యి వాసన వచ్చిందని ఒక్కరోజులో అందరికీ పంచేయకు. నువ్వు కూడా తిను.

ఏమీ తోచక రాస్తున్నాను, ఇంకేదో అనుకోకు. కార్తీకమాసం కదా, నాయనమ్మ సోమవారాలు ఉపవాసం ఉంటానని ఒకటే పేచీ. షుగరు మనిషివి, ఇంజెక్షన్ చేయించుకుని తినకుండా ఉంటే కళ్ళు తిరిగి పడతావని డాక్టరుగారు గట్టిగానే చెప్పారు. సరే నాయనా అని తలూపి వచ్చి, ఇంట్లో నా మీద అలిగింది. మీ నాన్నకి మోకాలి నొప్పి తగ్గింది. బుజ్జి పరీక్షలు బాగానే రాశానంటోంది.

రాజమండ్రి పిన్ని ఫోన్ చేసింది. వాళ్ళ అల్లుడు పోయిన మంగళవారం పొద్దున పదకొండింటికి మారతహళ్ళిలో టీ కొట్టు దగ్గర నిన్ను చూశాడట. పలకరిద్దామని వచ్చేలోపు అటు తిరిగి వెళ్ళిపోయావట. మంగళవారం పదకొండింటికి టీ తాగకూడదని ఎక్కడా రాసిలేదు, పిన్నితో నేనదే అన్నాను. "ఈమధ్య కంపెనీల్లో తీసేస్తున్నారటక్కా" అంది. దాని నోరు నీకు తెలిసిందేగా. మాట మార్చి వాళ్ళ కోడలి సంగతి అడిగేసరికి గంట మాట్లాడింది.

అదలా ఉంచు.

వరదప్పటి సంగతి నీకు సరిగ్గా చెప్పనే లేదు. నువ్వక్కడ టెన్షన్ పడతావని 'మేడ మీద ఉన్నాం, అంతా బాగుంది' అని తేల్చేశాను. ఏడాది దాటింది కాబట్టి ఇప్పుడు చెప్పినా ఫర్వాలేదు.

2024 ఆగస్టు 31, శనివారమంతా కురుస్తూనే ఉంది. ఆదివారం తెల్లారేసరికి వాకిట్లో చీలమండల దాకా నీళ్ళు. 2005లోనూ వచ్చాయి, ఈసారి గుమ్మం దాటవులే అని ఇడ్లీ పొయ్యి మీద పెట్టాను. ఇడ్లీ ఉడికేలోపు నీళ్ళు వంటింట్లోకి వచ్చేశాయి. మీ నాన్నేమో ఫోన్లో వార్తలు చూస్తూ కృష్ణలో ఎన్ని లక్షల క్యూసెక్కులొస్తున్నాయో చదువుతున్నారు. మర్నాటికి బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేలకి పోయింది, బ్యారేజీ కట్టాక అంత ఎప్పుడూ రాలేదన్నారు. తీరా చూస్తే మనల్ని ముంచింది కృష్ణమ్మ కాదు, బుడమేరు. ఎండాకాలంలో ముక్కు మూసుకుని దాటతామే, అదే. పైన వెలగలేరు వైపు కాలవకి గండ్లు పడి ఆ నీళ్ళన్నీ మన మీదికొచ్చాయి.

నేను ముందు నీ పెట్టె తీశాను. అటక మీదిది, నువ్వు పండక్కి వచ్చినప్పుడు వేసుకునే బట్టలు. నా చీరల బీరువా వదిలేసి నీ పెట్టె ఎందుకు పట్టుకున్నానో దేవుడికే తెలియాలి. అప్పుడు గోడవతల నుంచి పక్కింటాయన కేకేశారు. మామయ్యగారని రాస్తున్నానని నవ్వకు, జామచెట్టు కొట్టించిననాడు నేనన్న మాటలు నాకూ గుర్తున్నాయి. ఆరేళ్ళు మాటల్లేవు రెండిళ్ళకీ. "అమ్మగారిని ముందు పంపండి, మా మేడ మీదికి రండి" అని అరిచారు. మీ నాన్న నడిహాల్లో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, పక్కన ఖాళీ సిలిండరు తేలుతుంటే, "మాకేం ఫర్వాలేదండీ, మీరు చూసుకోండి" అన్నారు.

ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది, ఒళ్ళూ మండుతుంది. నువ్వు "ఏం లేదమ్మా, బాగానే ఉన్నా" అంటావే, అచ్చం అదే గొంతు.

ఆయన వినిపించుకోలేదు. నిచ్చెన తెచ్చి గోడ దిగి వచ్చి, నాయనమ్మని వీపు మీద ఎక్కించుకున్నారు. ఆవిడ "నా చెంబు, నా చెంబు" అని గోల. ఆరేళ్ళుగా ఆ ఇంటి వైపు చూసి మెటికలు విరిచిన మనిషి, ఆయన మెడ పట్టుకుని గోడ దాటింది.

నాలుగు రోజులున్నాం వాళ్ళింట్లో. అద్దెకున్నవాళ్ళతో కలిపి పదకొండు మందిమి, ఒకే గ్యాస్ పొయ్యి. అత్తయ్యగారు నాకో చీర తెచ్చి ఇచ్చింది, ఇంకా మడత విప్పనిది, దసరాకి కొనుక్కున్నదట. మూడుసార్లు వద్దన్నాను. "తడిచీరతో ఉంటే జ్వరం నీకొస్తుంది, చాకిరీ నాకు పడుతుంది, కట్టుకో" అంది. కట్టుకున్నాను. పెట్టేచోట చెయ్యి చాపడం ఎంత కష్టమో నాకా పూట తెలిసింది. మా అమ్మ ఇంటికొచ్చినవాళ్ళకి పెట్టడమే నేర్పింది కానీ తీసుకోవడం నేర్పలేదు. నేను నీకూ నేర్పలేదు.

ఇంతకీ అసలు సంగతి ఇన్సులిన్. తెచ్చుకున్న సీసా అడుక్కొచ్చింది, కొత్తవి ఫ్రిజ్‌తో పాటే మునిగాయి. సోమవారం డ్రోన్లు తిరుగుతూ పొట్లాలు వేశాయి. ఒకటి ఎదురింటి వాటర్ ట్యాంకు మీద పడింది, మీ నాన్న దాన్నే చూస్తూ కూర్చున్నారు సాయంత్రం దాకా. అప్పుడొక కుర్రాడు లారీ ట్యూబు మీద చెక్క కట్టుకుని, దాని మీద పాల ప్యాకెట్లు పెట్టుకుని, గుండెల లోతు నీళ్ళలో తోసుకుంటూ వచ్చాడు. పైనుంచి అడిగాను, ఇన్సులిన్ దొరుకుతుందా బాబూ అని. ఖాళీ డబ్బా అట్ట చింపి, ఐదొందల నోటుతో కవర్లో పెట్టి కిందికి వేశాను. "తెస్తా ఆంటీ" అని జేబులో పెట్టుకుపోయాడు. "ఐదొందలు పోయాయి" అన్నారు మీ నాన్న. నేనూ అలాగే అనుకున్నాను, అబద్ధమెందుకు.

మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. రెండు సీసాలు, బిల్లు, చిల్లర అన్నీ మెడకి కట్టుకున్న ప్లాస్టిక్ సంచిలో. ఎక్కడెక్కడ తిరిగాడో అడిగితే చెప్పలేదు. ఇంటింటికీ భోజనాల పార్శిళ్ళు తెచ్చే ఉద్యోగమట, వాళ్ళది పాయకాపురం, ఇల్లు పూర్తిగా మునిగిపోయిందట. అమ్మనీ చెల్లెల్నీ చుట్టాలింటికి పంపేశాడట. "మరి నువ్వు ఇక్కడేం చేస్తున్నావయ్యా?" అన్నాను. "ఖాళీగా కూర్చుంటే ఏడుపొస్తోంది ఆంటీ" అన్నాడు.

నీకంటే రెండేళ్ళు చిన్నవాడేమో. మిగిలిన డబ్బులు ఉంచుకోమంటే ఉంచుకోలేదు. ఒక్కటే అడిగాడు, పొడి చొక్కా ఏదైనా ఉంటే ఇవ్వమని. అడగడానికి వాడేమీ సిగ్గుపడలేదు చూడు. నీ పెట్టె తెరిచి నీలం గళ్ళ చొక్కా ఇచ్చాను. మొన్న సంక్రాంతికి ఇల్లంతా వెతికావు, ఇస్త్రీ బండివాడు పోగొట్టాడన్నాను. పాపం అతన్ని నువ్వు కోప్పడ్డావు కూడా. తప్పు నాది. ఈసారి వచ్చినప్పుడు అతనికి ఒక మంచి మాట చెప్పు.

కుర్రాడి ఫోన్ నంబరు రాసుకున్నాను కానీ తడిసి సగం అంకెలు పోయాయి. ఇప్పుడు వీధిలో పార్శిలు బండి ఏది ఆగినా ముఖం చూస్తాను. ఆ చొక్కా ఎప్పటికీ ఉండదు కదా అంటుంది బుజ్జి. అయినా చూస్తాను.

ఇన్సులిన్ వేడికి పాడవుతుందని భయపడ్డాను. అత్తయ్యగారు కుండీల్లో ఇసుక తీసి, కుండలో పోసి తడిపి, అందులో చిన్న ముంత దించి సీసాలు దాన్లో పెట్టింది. వాడటం మొదలుపెట్టిన సీసా మరీ వేడి తగలకుండా చూసుకుంటే నాలుగు వారాల దాకా ఫ్రిజ్ లేకపోయినా ఫర్వాలేదని తర్వాత డాక్టరుగారు చెప్పారు. నువ్వు నవ్వుతావు కానీ ఆ కుండ ఇంకా మనింట్లోనే ఉంది, తిరిగివ్వలేదు. ఆవిడ చీర కూడా.

నాయనమ్మకైతే ఆ నాలుగు రోజులూ దివిసీమ ఉప్పెన కబుర్లే. నాగాయలంకలో 1977 నవంబరు 19 రాత్రి మొదలుపెడితే ఆవిడ ఆగదు, నీకు తెలుసు. ఆ కథంతా రాయను. కానీ పులిహోర పొట్లం విప్పుతూ ఎప్పుడూ చెప్పని మాట ఒకటి చెప్పింది. ఉప్పెన తర్వాత ఎక్కడివాళ్ళో వచ్చి అన్నం పెడుతుంటే మీ తాతయ్య వరసలో నిలబడనన్నారట, రెండు రోజులు. పిల్లల కోసం ఆవిడే వెళ్ళి నిలబడిందట. "మీ మామగారి పౌరుషం నా కాళ్ళు మోశాయే" అంది. ఆ తర్వాత ఊళ్ళకి ఊళ్ళే అలా వచ్చినవాళ్ళు కట్టిచ్చారంటుంది.

మనింటి మగాళ్ళంతా ఒక్కలాంటివాళ్ళే. వరద సాయం, కింద ఇళ్ళకి 25 వేలు ఇస్తామంటే, మీ నాన్న "మనకంటే లేనివాళ్ళకివ్వమను" అని రాయించనన్నారు. ఫ్రిజ్ పోయి, పరుపులు పోయి, ఆయన మాటలివి. మామయ్యగారే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి పేరు రాయించారు.

నేను నిన్నేమీ అడగడం లేదు. ఒకటో తారీఖున పదిహేను వేలు ఠంచనుగా పడ్డాయి. అంతకుముందు నెలా పడ్డాయి. ఎక్కడినుంచి తెచ్చి వేస్తున్నావో అని రాత్రిళ్ళు లెక్కలు వేస్తున్నాను, అంతే. క్రెడిట్ కార్డు మీద తీసి ఇంటికి పంపేవాళ్ళుంటారని బుజ్జి చెప్పింది. ఫోన్లో అప్పులిచ్చే యాప్‌ల జోలికి మాత్రం పోకు, వాళ్ళు ఫోన్లో ఉన్న పేర్లన్నిటికీ ఫోన్లు చేసి పరువు తీస్తారట. పీఎఫ్ డబ్బులు తొందరపడి తీయకు. గది అద్దె ఎక్కువైతే ఎవరితోనైనా కలిసి ఉండు, అందులో నామోషీ ఏముంది? పొద్దున టిఫిన్ మానకు. టీలతో రోజు వెళ్ళబుచ్చితే నీకు కడుపులో మంట తెలుసుగా. తీసేస్తే తీసేశారు, అంటే ఒకవేళ అలాంటిదేమైనా ఉంటే అని. నీ చదువెవరూ తీసుకుపోలేదు. ఉపన్యాసం ఇవ్వనని అనుకునే కూర్చున్నాను, చూడు నా పని.

శనివారం పొద్దున బస్సు మారతహళ్ళిలోనే ఆగుతుందట. నువ్వు వెళ్ళి నిలబడు. ఆయన చేతిలో సంచులు నువ్వు తీసుకో, వయసు మనిషి. పాప వాళ్ళిల్లు దూరమట, ముందు నీ గదికి వచ్చి స్నానం చేసి వెళతానన్నారు. కుదరదని అనకు. దుప్పటి మార్చు, బకెట్టు కడుగు. ఆయనకి పంచదార తక్కువ కాఫీ. ఏమైనా అడిగితే చెప్పు, ఆయన ఎవరికీ చెప్పరు, నాకు కూడా.

సున్నుండల డబ్బా అడుగున కాగితం వేశాను. దాని కింద చూడు. పదిహేను ఉన్నాయి, లెక్కపెట్టుకో. తిరిగి పంపావంటే మామయ్యగారి చేత మళ్ళీ పంపిస్తాను, పాపకి పురుడయ్యేదాకా ఆయన అక్కడే ఉంటారు.

స్వెట్టరు అలమరలో పై అరలో ఉందన్నావు. తీసి వేసుకో.

అమ్మ

మళ్ళీ: మీ నాన్న ఇది చదివారు. నీళ్ళు మోకాళ్ళ లోతు కాదట, తొడల దాకా వచ్చాయట. దిద్దమంటున్నారు.