అపార్ట్‌మెంట్ సంఘం వార్షిక నివేదిక 2024-25: ఎక్కువ భాగం బట్టల మిషన్ సంగతే

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది లిఫ్టు మెయింటెనెన్సు ఒప్పందం పొడిగించాం. ట్యాంకులు రెండుసార్లు కడిగించాం. బోరు మోటారుకు వైండింగ్ చేయించాం, గేటు దగ్గర కెమెరా మార్చాం. వాటి లెక్కలు నోటీసు బోర్డులో పెడితే ఒక్కరూ నిలబడి చూడలేదు. అందరూ అడిగింది, అందరం కొట్లాడుకున్నది మిద్దె మీది బట్టల మిషన్ గురించే. అందుకే ఆ కథే వివరంగా రాస్తున్నాను.

కొత్తగా వచ్చినవాళ్లకు తెలియదేమో, ఆ ఫ్రంట్ లోడ్ మిషన్ మనం కొన్నది కాదు. నాలుగో అంతస్తువాళ్లు హైదరాబాదులో కొడుకు దగ్గరికి వెళ్లిపోతూ సంఘానికి ఇచ్చిపోయారు. ఉతకడం, ఆరేయడం ఒకేచోట అయిపోతాయని ట్యాంకు కింది గదిలో పెట్టించాం. సొంత మిషన్ లేనివాళ్లు రోజువారీ బట్టలకు, ఉన్నవాళ్లు దుప్పట్లకు, కర్టెన్లకు వాడుకుంటూ వచ్చారు.

ఏప్రిల్‌లో నీళ్లు ఎక్కడం మానేసింది. మెకానిక్ వచ్చి పైపు మొదట్లో ఉండే చిన్న జల్లెడ తీసి చూపించాడు. సున్నం కట్టి బిళ్లలా అయిపోయింది. కడిగి పెట్టి 650 రూపాయలు తీసుకున్నాడు. జూన్‌లో నీళ్లు బయటికి పోవడం ఆగింది, పంపు మార్చడానికి 1,200. ఆ నెలాఖరుకే పిండే దశలో రోట్లో గులకరాళ్లు రుబ్బినట్టు మోత మొదలైంది. బేరింగు పోయిందన్నాడు, ఇంకో 3,400. బేరింగు కోసం వెనక భాగం విప్పినప్పుడు లోపల సిమెంటు దిమ్మె కనబడితే మోసపోయామని గోల చేసినవాళ్లు ఉన్నారు. డ్రమ్ము ఎగిరెగిరి పడకుండా బరువు కోసం కంపెనీవాళ్లే పెడతారు దాన్ని. మోసం అక్కడ లేదు కానీ, మూడోసారి డబ్బు కట్టేముందు నేను ఆగి ఆలోచించి ఉండాల్సింది. 5,250 రూపాయలు అలా పోయాయి, ఆ తప్పు కార్యదర్శిగా నాదే.

ఇక జులై 17న రొట్టెల పండుగ మొదలైంది. మనం ఉండేది ఆ పండుగ జరిగే నెల్లూరు దర్గామిట్టలోనే కాబట్టి ఆ ఐదు రోజులూ ఏ ఇంట్లో చూసినా చాపలు, పరుపులు, చుట్టాలే. మూడో రోజు మధ్యాహ్నం నాలుగు ఇళ్ల దుప్పట్లు ఒకే విడతలో కుక్కి వేశారు. ఎవరన్నది రాయను. నీళ్లు నిండుగా ఉండగా మిషన్ ఆగిపోయింది, తలుపు తెరుచుకోలేదు. కింద చిన్న మూత తీస్తే నీళ్లు పోతాయని ఎవరో చెప్పారు, వాచ్‌మన్ తీశాడు. బకెట్ పెట్టుకోవాలని మాత్రం ఎవరికీ తోచలేదు. సబ్బునీళ్లు మెట్ల మీదుగా ఐదో అంతస్తు మాస్టారి గడప దాకా వచ్చాయి. నీళ్లతో పాటు ఒక పది రూపాయల బిళ్ల, రెండు తలపిన్నులు, జాకెట్టు హుక్కు ఒకటి బయటపడ్డాయి. ఈసారి పోయింది మిషన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు, ఆ మోడల్‌కు ఇప్పుడు దొరకదన్నారు.

ఆగస్టు సర్వసభ్య సమావేశంలో తేలిన విషయం ఏమిటంటే, మిషన్ పాతదే కానీ దాన్ని సగం చంపింది మనమే. మిషన్ వాడకం పుస్తకంలో నీళ్ల ఒత్తిడి కనీసం 0.5 బార్ ఉండాలని రాసి ఉంది. నీటిమట్టం పది మీటర్ల ఎత్తున ఉంటే సుమారు 1 బార్ వస్తుంది. మన ట్యాంకు మిషన్‌కు రెండు మీటర్ల పైన ఉంది, అంటే 0.2. నీళ్లు సన్నగా కారుతుంటే అది ఎదురుచూసి ఎదురుచూసి ఆగిపోయేది. బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే కాఠిన్యం లీటరుకు 480 మిల్లీగ్రాములు వచ్చింది. తాగునీటికి భారత ప్రమాణం 200, వేరే గతి లేనిచోట 600 వరకు. మనం తాగేది కార్పొరేషన్ నీళ్లే కాబట్టి ఆ భయం లేదు. కానీ వేడిచేసే కొద్దీ ఆ సున్నం హీటరుకు పట్టేస్తుంది. పాత మిషన్ హీటరు తీసి చూస్తే తెల్లగా, కొబ్బరి చిప్పంత మందాన పెచ్చు కట్టి ఉంది.

అందుకే ఈసారి హీటరు లేని 8 కిలోల టాప్ లోడ్ తీసుకున్నాం. నీళ్లు ఎక్కువ తాగుతుందన్న రెండో అంతస్తు అక్కగారి మాట నిజమే. అయినా మధ్యలో కరెంటు పోతే మూత తీసుకోవచ్చు, పెద్దవాళ్లు వంగక్కర్లేదు. మిషన్‌ను కింద పార్కింగులో మోటారు గది పక్కకు మార్చాం. అక్కడ ట్యాంకు ఎత్తు 18 మీటర్లు దాటుతుంది. తడి బట్టలు లిఫ్టులో మిద్దెకు మోసుకుపోవాలని కొందరికి కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు, ఒప్పుకుంటాను.

లెక్క ఇదీ. మిషన్ 21,900. పాతది ఎక్స్‌చేంజిలో ఇస్తే 1,500 తగ్గింది. పాత ఇనుము బండికి వేస్తే ఇంకో మూడు వందలు వచ్చేవని ఒకరన్నారు. ఎలక్ట్రానిక్ చెత్తకు 2023 ఏప్రిల్ నుంచి కొత్త నియమాలు ఉన్నాయి, మూడు వందల కోసం ఆ గొడవ ఎందుకనిపించింది. పైపు, కొళాయి, ఎర్తింగుతో 16 ఆంప్స్ ప్లగ్గు, స్టాండు కలిపి 4,100. మొత్తం 24,500. ఇరవై రెండు ఇళ్ల నుంచి వెయ్యి చొప్పున 22,000 వచ్చాయి, మిగతా 2,500 మెయింటెనెన్సు నిధి నుంచి తీశాం. ‘మాకు మిషన్ ఉంది, మేమెందుకు ఇవ్వాలి’ అన్న ముగ్గురినీ కోశాధికారి ఒకే ప్రశ్న అడిగారు, పండగ దుప్పట్లు ఎవరివని. ముగ్గురూ కట్టారు.

సెప్టెంబరులో బిగించాం. అక్టోబరు వానల్లో వారం రోజులు ఎండ మొహం చూడకపోయినా, అది గట్టిగా పిండినందువల్ల బట్టలు ఫ్యాను కింద ఆరిపోయాయి. ఇప్పటివరకు ఒక్క రిపేరు లేదు.

ఎనిమిది కిలోలంటే పొడి బట్టల బరువు. రగ్గు అయితే ఒక్కటే వేయండి. జేబులు చూసి వేయండి. జల్లెడను ప్రతి నెలా మొదటి ఆదివారం వాచ్‌మన్ కడుగుతాడు, ఆ రోజే నిమ్మ ఉప్పు వేసి ఖాళీగా ఒకసారి తిప్పుతాడు. పొద్దున పదకొండు దాకా ఆ రోజు మిషన్ అడగొద్దు.

దసరా నుంచి నీలం పూల దుప్పటి ఒకటి మిషన్ పక్కన మడతపెట్టి ఉంది. ఎవరిదో వచ్చి తీసుకెళ్లగలరు.

కార్యదర్శి