అమ్మమ్మ కదురు మీద దారం అలాగే ఉంది

పొందూరు,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

నిన్న ఫోన్లో నువ్వు అడిగిన మాటకి జవాబు చెప్పలేకపోయాను. "మూడు రోజులు నాతో అంత మామూలుగా ఎలా మాట్లాడావమ్మా?" అన్నావు. ఫోన్ పెట్టేశాక మావయ్య అన్నానికి ఎంత పిలిచినా లేవలేదు నేను. అమ్మమ్మ పోయిన సంగతి నీకు చెప్పొద్దని మీ ఆయనతో, మీ అత్తగారితో అన్నది నేనే. వాళ్ల మీద కోపం పెట్టుకోకు. కడుపుతో ఉన్న నీకు బీపీ ఎక్కువగా ఉంది, ప్రయాణం వద్దు, టెన్షన్ అసలే వద్దు అని డాక్టరుగారు అన్న మాటే చెవుల్లో తిరుగుతోంది నాకు. ఒక పక్క అమ్మ పోయింది, ఇంకో పక్క నీకేమైనా అయితే ఎలాగన్న భయం. ఆ భయంలో నువ్వు ఏడవాల్సిన ఏడుపు కూడా నీకు దక్కనివ్వలేదు. తప్పు నాదే తల్లీ. క్షమించు.

నువ్వు చూడలేనిదంతా చెప్తాను, విను.

రథసప్తమికి ఇంకా నాలుగు రోజులుంది. ఆ సాయంత్రం అమ్మ కాసేపు రాట్నం ముందు కూర్చుంది. ఈ మధ్య కళ్లు ఆనడం లేదు, అయినా వేళ్లతోనే తెలుసుకునేది. రాత్రి గ్లాసుడు చోడి అంబలి తాగింది. "సప్తమికి అరసవల్లి తీసుకెల్తావేట్రా" అని మావయ్యని అడిగితే వాడు సరేనన్నాడు. పడుకునే ముందు, "గుంట తిన్నాదా? కాళ్లు వాపులు తగ్గాయా?" అని నీ గురించి అడిగిందట. తెల్లారి అత్త లేపబోతే లేవలేదు. నిద్రపోతున్నట్టే ఉంది మొహం. నేను శ్రీకాకుళం నుంచి వచ్చేసరికి అరుగు మీద పడుకోబెట్టేశారు. చేతులు పట్టుకుని చూశాను. ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు కొసలు నున్నగా, అరిగిపోయిన రాయిలా ఉన్నాయి. ఎన్నేళ్ల దారం జారింది ఆ వేళ్ల మధ్య నుంచి!

అస్థికలు కళ్లేపల్లి దగ్గర, నాగావళి సముద్రంలో కలిసే చోట కలిపాడు మావయ్య.

అమ్మ పుట్టినరోజు ఎప్పుడని చిన్నప్పుడు నువ్వు అడిగేదానివి, గుర్తుందా? తనకి తేదీ తెలియదు. శ్రీకాకుళం కొత్త జిల్లా అయిన ఏడు పుట్టాననేది. అంటే 1950. ఆధార్ కార్డులో మటుకు జనవరి 1 అని వేసేశారు. పద్నాలుగేళ్లకి పెళ్లి. మా నాన్న మగ్గం నేసేవారు, అమ్మ నూలు వడికేది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నాన్న పోయారు. మగ్గం గుంట పూడ్చేశారు. రాట్నం మాత్రం ఆగలేదు. దాని చప్పుడుకే నిద్రపోయేవాళ్లం, దాని చప్పుడుకే లేచేవాళ్లం. పొందూరు సన్నఖద్దరు అని ఇప్పుడు హైదరాబాద్ షోరూముల్లో నువ్వు చూసే బట్ట వెనక అలాంటి ఆడవాళ్ల రాత్రులున్నాయి. రోజంతా నడుం ఎత్తకుండా కూర్చుంటే రెండు చిలపలు వచ్చేవి. చిలప అంటే వెయ్యి మీటర్లు. ఆ చిలపల మీదే నేను టీచరు ట్రైనింగ్ చదివాను, మావయ్య ఐటీఐ చదివాడు.

ఒక్క సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. నాకు పదేళ్లుంటాయి. బడి నుంచి వచ్చాక పత్తి దువ్వడం నా పని. వాలుగ చేప దవడతో దువ్వాలి. నువ్వు చూశావు కదా దాన్ని, దేవుడి గూట్లో ఉండేది. అరచేతిలో ఇమిడిపోతుంది, వరసగా సూది మొనల్లాంటి సన్నటి పళ్లు. గింజ పట్టుకుని దాని మీది దూదిని ఆ పళ్లతో దువ్వితే నలకలన్నీ రాలిపోయి పోగులు ఒకే వైపుకి వాలతాయి. ఇనుప దువ్వెనకి ఆ నేర్పు లేదు, పోగు తెగిపోతుంది. ఒకరోజు తొక్కుడుబిళ్ల ఆడుకోవాలని సగం పత్తి దువ్వకుండానే దువ్విన దాన్లో కలిపేసి పరిగెత్తాను. అమ్మకి తెలియక ఆ పత్తిని ఏకులుగా చుట్టేసింది, వడికేసింది. వారం తిరిగాక నూలు పట్టుకెళితే ముడులున్నాయని ధర తగ్గించేశారు. ఆ వారం ఇంట్లో రెండు పూటలా అంబలే.

అమ్మ తిట్టలేదు. మర్నాడు పక్కన కూర్చోబెట్టుకుని, మిగిలిన దారం మీద నా వేలు పెట్టి మెల్లగా లాగింది. నున్నగా, నున్నగా వెళ్లి ఒకచోట గరుకుగా తగిలింది. "ఇదిగో, ఇక్కడ నువ్వు ఆటకెల్లిపోనావు" అంది. అంతే. ఆ తర్వాత ఎన్నడూ ఎత్తలేదు ఆ మాట. నాకు మాత్రం ఇప్పటికీ క్లాసులో కాపీలు దిద్దుతూ తొందరపడితే వేలికి ఆ గరుకు తగులుతుంది.

2018 తిత్లీ తుఫానప్పుడు నువ్వు దసరా సెలవులకి ఇక్కడే ఉన్నావు. కరెంటు లేదు, గాలి హోరు. అందరం గిన్నెలు, బట్టలు సర్దుకుంటుంటే అమ్మ ఎండిన అరటి దొప్పల్లో ఉన్న ఏకులు తీసి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించింది. బియ్యం మూకుట్లో పోసింది. "బియ్యం తడిస్తే ఆరబెట్టుకోవచ్చు, ఏకు చెమ్మ తగిలితే పోయినట్టే" అంది. నువ్వు పకపకా నవ్వావు, తనూ నవ్వింది. ఆ రాత్రంతా నిన్ను పొట్టకి అదుముకుని పడుకుంది. కాలేజీ చదివే పిల్లవి, పసిగుడ్డులా ఒదిగిపోయావు. మీ ఇద్దర్నీ లాంతరు వెలుగులో చూస్తూ కూర్చున్నాను నేను.

సప్తమి రోజు మైలలో ఉన్నాం, గుడికి వెళ్లలేదు. ఏటా ఆ రోజు నీ నెత్తి మీద జిల్లేడాకులు, రేగిపళ్లు పెట్టి తనే నీళ్లు పోసేది. పెరట్లో జిల్లేడు చెట్టు దగ్గర కాసేపు నిలబడి వచ్చేశాను.

పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచకూడదన్నారు వీధిలో పెద్దవాళ్లు. ఇచ్చేశాను. రెండు చీరలు మాత్రం ఇవ్వలేదు. అవి తను దీపావళి వెళ్లగానే ఉతికి, చింపి, అంచులు మడిచి కుట్టి నీ పురుటికని దాచిన పొత్తిగుడ్డలు. తన చేత్తో వడికిన నూలు చీరలే. బిడ్డ పుట్టకముందు కొత్తవి కొనకూడదు, పాతవైతే తప్పులేదని అత్తతో అందట. పదకొండు ముక్కలున్నాయి. చెంపకి ఆనించి చూశాను, వెన్నలా ఉన్నాయి. మీ అత్తగారికి ఇష్టమో కాదో నేనే అడుగుతాను. నువ్వు మధ్యలో పడి మనసు పాడుచేసుకోకు.

రాట్నం తీసి అటక మీద పెడదామంది అత్త. వద్దన్నాను. కదురు మీద సగం ఏకు దారం అలాగే ఉంది. చేప దవడ మాత్రం నీ కోసం తెస్తున్నాను.

పద్దెనిమిదో తారీఖు విశాఖ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ దొరికింది. ఆమదాలవలసలో ఎక్కుతాను. చోడిపిండి రెండు కిలోలు మర పట్టించాను, నువ్వులు కూడా తెస్తున్నాను, నీకిష్టమైన బీరకాయ కూరకి. స్టేషన్‌కి నువ్వు రాకు, అల్లుడుగారిని పంపు. మాత్రలు మానకు. నేను వచ్చాక ఇద్దరం ఒకచోట కూర్చుని ఏడుద్దాం.

మీ అమ్మ