ఇన్‌ఫాంట్రీ రాయి, మా పల్టన్ మాత్రం అడగొద్దు

చిన్నా,

ఏ విభాగం కావాలో రాసే ఆర్మ్స్ ఛాయిస్ ఫారంలో ఇన్‌ఫాంట్రీ (కాల్బలం) మొదట రాస్తున్నాను, నాన్న పనిచేసిన చోటే ఇమ్మని అడిగే పేరెంటల్ క్లెయిమ్ కింద మీ పల్టనే (బెటాలియన్) అడగనా అని నువ్వు ఫోన్‌లో అడిగితే ఆలోచించి చెప్తానన్నాను కదా. ఫోన్‌లో మాట్లాడుతుంటే మీ అమ్మ పక్కనే ఉంటుంది, సగం మాటలు మింగెయ్యాల్సి వస్తుంది, అందుకే రాస్తున్నాను. ఇన్‌ఫాంట్రీ రాయి. మా పల్టన్ అడగొద్దు.

ముందు అమ్మ సంగతి. ఆవిడకి నిన్ను సైన్యం వాహనాలు, ఆయుధాలు బాగుచేసే ఈఎంఈలో చూడాలని ఉంది. సికింద్రాబాద్‌లో వాళ్ళ సెంటర్ ఉంది కాబట్టి నువ్వు రిటైరయ్యేదాకా అక్కడే ఉంటావని ఎవరో చెప్పారట. ఈఎంఈ వాళ్ళూ లేహ్ వెళ్తారు, ఏఎస్‌సీ వాళ్ళు రేషన్ పంపకపోతే పైన పోస్టులో పొయ్యి వెలగదు, ఆ పనులు తక్కువని నేనెప్పుడూ అనను. కానీ అమ్మ టెన్షన్ ఊరి దూరం గురించి కాదని నీకూ తెలుసు. 2020 జూన్‌లో లడఖ్‌లో చైనా వాళ్ళతో జరిగిన ఘర్షణలో మనవాళ్ళు పోయిన గల్వాన్ వార్త విన్న దగ్గర్నుంచీ అది ఆవిడ మనసులో ఉండిపోయింది. కర్నల్ సంతోష్ బాబు గారిది సూర్యాపేట, నువ్వు చదివిన కోరుకొండ సైనిక్ స్కూల్లోనే చదివారు, 16 బిహార్ బెటాలియన్‌కి కమాండింగ్ ఆఫీసర్ (సీవో), అంత పెద్ద పల్టన్ మొత్తం ఆయన చేతి కింద ఉన్నా ఆ రాత్రి లోయలో తన జవాన్లతో పాటు తానే నిలబడ్డారు. ఇన్‌ఫాంట్రీలో సీవో అయినా అంతే, కొత్త లెఫ్టినెంట్ అయినా అంతే. నీకేం కాదులే అని అమ్మతో చెప్పమంటే నా వల్ల కాదు, ఇంటింటా సైన్యంలో చేరే మిలటరీ మాధవరంలో కాపురం చేస్తున్న మనిషికి ఆ మాట ఎలా చెప్తాను? నేను చెప్పిందల్లా ఒకటే, వాడు ఇష్టపడి వెళ్తున్నాడు, మనం అడ్డం పడితే ఇష్టం లేని చోట ముప్పై ఏళ్ళు ఉంటాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, ఇప్పుడు మాట్లాడుతోంది.

ఇక మా పల్టన్ ఎందుకు వద్దన్నానంటే, అక్కడ ఇప్పుడు సుబేదార్లుగా, నాయబ్ సుబేదార్లుగా ఉన్నవాళ్ళలో కొందరు నా దగ్గర సిపాయిలుగా చేరినవాళ్ళు. ఫ్యామిలీ క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు నిన్ను సైకిల్ ఎక్కించి తిప్పారు, నువ్వు వాళ్ళని మామయ్యా అని పిలిచావు. రేపు నువ్వు తప్పు చేస్తే నీకు సూటిగా చెప్పడానికి వాళ్ళు మొహమాటపడతారు, రాత్రి రెండింటికి ఆ మామయ్యని పెట్రోలింగ్‌కి పంపడానికి నువ్వూ మొహమాటపడతావు. ఈ రెండూ ప్లాటూన్‌కి ప్రమాదమే. పైగా సుబేదార్ సాబ్ కొడుకు అనే పేరు నీకంటే ముందు అక్కడికి చేరుతుంది, నువ్వేంటో వాళ్ళు చూడరు. ఎవరూ తెలియని చోటికి వెళ్ళు. గఢ్వాల్ రైఫిల్స్ ఇస్తే గఢ్వాలీ నేర్చుకో, గూర్ఖా పల్టన్ ఇస్తే గోర్ఖాలీ నేర్చుకో. నేను సర్వీసంతా మద్రాస్ రెజిమెంట్ నినాదం వీర మద్రాసీ అడి కొల్లు అని అరిచాను, నా కొడుకు గఢ్వాల్ వాళ్ళ నినాదం బదరీ విశాల్ లాల్ కీ జై అని అరిస్తే నాకేం నామోషీ లేదు. జవాన్ల గుడి ఏదైతే అదే నీ గుడి, వాళ్ళ పండగే నీ పండగ, ఇది నీకు డెహ్రాడూన్ అకాడమీలో చెప్పే ఉంటారు.

మాకు ఒకసారి హిమాచల్ నుంచి ఒక లెఫ్టినెంట్ సాబ్ వచ్చారు, తమిళం ఒక్క ముక్క రాదు, తెలుగు అసలే రాదు. మొదట్లో కొత్త ఆఫీసర్‌ని జవాన్ల బ్యారక్‌లోనే ఉంచుతారు, జవాన్ల వంటశాల లంగర్‌లోనే తిండి, సెంట్రీ డ్యూటీ కూడా వాళ్ళతోనే. కొందరు దాన్ని శిక్షలా గడిపేస్తారు. ఈయన మాత్రం రోజూ సాయంత్రం ఒక్కొక్కరి మంచం దగ్గర కూర్చుని ఊరేది, ఇంట్లో ఎంతమంది, అప్పులేమైనా ఉన్నాయా అని అడిగేవారు, వచ్చీరాని తమిళంలో. ముందు నేర్చుకున్నవి తిట్లే అనుకో, అది ఎవరు నేర్పారో నాకు తెలుసు, చెప్పను. ఆ రోజుల్లో మా ప్లాటూన్‌లో శ్రీకాకుళం కుర్రాడు ఒకడు రైఫిల్ క్లియర్ చేసేటప్పుడు, అంటే లోపల తూటా లేదని చూసేటప్పుడు, వరుసగా తప్పులు చేస్తున్నాడు. హవల్దార్ శిక్ష వెయ్యబోతే సాబ్ ఆపి, వాణ్ణి పక్కకి పిలిచి అడిగితే తేలింది, వాడు ఇంట్లో లేని సమయం చూసి వాడి అన్నే పొలాన్ని తన పేరున రాయించుకున్నాడట. సాబ్ కంపెనీ కమాండర్‌తో మాట్లాడి కలెక్టర్‌కి ఉత్తరం పంపించి, వాడికి సెలవు ఇప్పించారు. జాలిపడి చేసిన పనిగా దీన్ని చూడకు. మనసు ఊళ్ళో ఉన్నవాడి చేతిలో తూటాలున్న రైఫిల్ ఉంటే సెక్షన్‌లో ఉన్న పదిమందికీ గండమే, ఆయన లెక్క అది.

సెలవుల దగ్గరే మంచి ఆఫీసర్ ఎవరో తెలుస్తుంది. జవానుకి ఏడాదికి 60 రోజులు యాన్యువల్, 30 రోజులు క్యాజువల్ ఉంటాయి, కాగితం మీద బాగానే కనిపిస్తాయి. కోతలు, పెళ్ళిళ్ళు, కాన్పులు అందరికీ ఒకే నెలలో వస్తాయి, అందర్నీ పంపితే పోస్టు ఖాళీ. ఆ లిస్టు నువ్వే కూర్చుని వెయ్యి, నీకు నచ్చినవాడిని ముందు పంపావని ఒక్కసారి అనిపించుకున్నావా, తర్వాత ఎంత పరిగెత్తినా నీ వెనక మనసు పెట్టి రారు.

మీ జేసీవో (సుబేదార్, నాయబ్ సుబేదార్ లాంటివాళ్ళు) మాట విను. మీ అకాడమీ చెట్వుడ్ హాల్లో చెక్కిన మాటలు నీకు నోటికి వచ్చు, దేశం, తర్వాత నీ జవాన్లు, ఆఖరున నువ్వు. ఆ మధ్యలో ఉన్నది ఎలా చెయ్యాలో చూపించేది మీ సుబేదారే. రూట్ మార్చ్ అయ్యాక నువ్వు బూట్లు విప్పేలోగా వాళ్ళ పాదాలు చూడమని ఆయనే గుర్తు చేస్తాడు. ఎత్తైన చోటికి వెళ్తే 9,000 అడుగులు దాటాక మొదటి ఆరు రోజులు ఒంటికి అలవాటు చెయ్యాలి, ఫర్వాలేదు సాబ్ నేను బాగానే ఉన్నాను అనే కుర్రాడిని నమ్మొద్దని కూడా ఆయనే చెప్తాడు. విను, అందరి ముందూ ఆయన మాట తీసెయ్యకు. కానీ విన్నాక నిర్ణయం నీది. జమ్మూ వైపు ఒక చలికాలం రాత్రి, పొగమంచులో మాటు వేసి ఉన్నాం, వెనక్కి వెళ్దామని నేను చెప్పాను. ఆ హిమాచల్ సాబే, నా మాట పూర్తిగా విన్నారు, ఇంకో ఇద్దరు హవల్దార్లని అడిగారు, తెల్లారేదాకా ఉందాం అన్నారు. ఉన్నాం. ఆ రాత్రి ఎవరూ రాలేదు, ఏమీ జరగలేదు. అయినా తెల్లారి దిగి వచ్చేటప్పుడు నాకు ఆయన మీద కోపం లేదు, ఏదైనా జరిగి ఉంటే సీవో సాబ్ ముందు ఉండమన్నది నేనే అని చెప్పే మనిషని మా అందరికీ అప్పటికే తెలుసు.

జీతం సంగతి ఏం రాయను, అది నీకు నాకంటే బాగా తెలుసు, మొదటి రెండేళ్ళు కారు కొనకు.

మీ పాసింగ్ అవుట్ పరేడ్‌కి పాసులు ఎంతమందికి ఇస్తారో కనుక్కుని చెప్పు. తాడేపల్లిగూడెం నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి డెహ్రాడూన్, టికెట్లు ఇప్పటినుంచే చూడాలి. మీ మేనమామ కూడా వస్తానంటున్నాడు, ఆయనకి కింద బెర్తే కావాలట.

మీ నాన్న